సెన్సారు గుమ్మం ముందు ప్రేక్షకుడు

సినిమా మొదలయ్యే ముందు తెర మీద ఒక కాగితం కనబడి మాయమవుతుంది. అప్పటికి హాల్లో లైట్లు పూర్తిగా ఆరవు. జనం సీటు నంబర్లు వెతుక్కుంటూ, అప్పటికే కూర్చున్నవాళ్ల మోకాళ్లు దాటుకుంటూ వరసల్లో నడుస్తుంటారు. సినిమా పేరు, భాష, నిడివి, నిర్మాత పేరు, వీటన్నిటి కంటే పెద్దగా ఒక అక్షరం: యు, యు/ఎ, ఎ. అభిమానులు ఈల వేసేది ఆ కాగితానికి కాదు, దాని తరవాత రాబోయే హీరో పేరుకి. అందుకే ఆ కాగితం మీద చిన్న అక్షరాల్లో ఇంకొన్ని పేర్లుంటాయన్న సంగతి చాలామందికి పట్టదు. సినిమాను ముందుగా చూసి, దానికి ఫలానా అక్షరం ఇవ్వవచ్చని సిఫారసు చేసిన కమిటీ సభ్యుల పేర్లవి. తీసేసిన సీన్లు, మూగబోయిన మాటల పట్టీ కూడా ఆ సర్టిఫికెట్‌కే జతపడి ఉంటుంది. ఆ సభ్యులు సినిమావాళ్లు కానక్కరలేదు, ప్రభుత్వ ఉద్యోగులూ కానక్కరలేదు. సినిమా జనం మీద ఎలాంటి ప్రభావం చూపుతుందో అంచనా కట్టగలవారని కేంద్రప్రభుత్వం భావించినవారు అయితే చాలు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం చెప్పే అర్హత ఇంతే. అంటే చట్టం లెక్క ప్రకారం వాళ్లు కూర్చున్నది మన తరఫున. వాళ్లను ఎవరు ఎంచారు, మన మాట వాళ్లకు ఎలా చేరుతుంది, చేరకపోతే మనం ఎక్కడికి వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకూ తెలుగునేల మీద నూరేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా చూస్తే తేలేది ఇది: సినిమా వర్గీకరణలో మన జనం పాలుపంచుకోని రోజు లేదు. కాకపోతే ప్రతిసారీ ఆలస్యంగా, పక్కదారిలో, గొంతు పెద్దదైనవాళ్ల ద్వారా పాలుపంచుకున్నారు. ముందువాకిలి మాత్రం దాదాపు వాడకం లేకుండా ఉండిపోయింది.

హైదరాబాదుకు దగ్గర్లో శంకర్‌పల్లి రోడ్డు మీది దొంతన్‌పల్లి నుంచి ఈ కథ మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆ ఊరి చుట్టూ ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతమంతా 1948 దాకా నిజాం ఏలుబడిలోది. ఇక్కడికి దగ్గర్లోని గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, 1908 మూసీ వరదల తరవాత తలపెట్టినది, 1920లో పూర్తయింది. సరిగ్గా అదే ఏడు బ్రిటిష్ ఇండియాలో మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్ నగరాల్లో సెన్సారు బోర్డులు పుట్టాయి. దానికి మూలం 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం. గండిపేట నీళ్లు తాగే హైదరాబాదుకు ఆ చట్టం వర్తించదు. నిజాం రాజ్యంలో సినిమాకు అభ్యంతరం వస్తే దానికి ఒకటే పరిష్కారం, అది ప్రభువు నోటి నుంచి వచ్చేది. బెంగాలు నుంచి వచ్చి 1922లో హైదరాబాదులో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టిన ధీరేంద్రనాథ్ గంగూలీకి ఇది అనుభవంలోకి వచ్చింది. ఆయన ఇక్కడ మూకీ చిత్రాలు తీశాడు, సినిమా హాళ్లు నడిపాడు, దర్బారు ఆదరణ కూడా పొందాడు. 1924లో బొంబాయిలో తయారైన 'రజియా బేగం' చిత్రాన్ని తన హాల్లో ఆడించాడు. ముస్లిం రాణికీ హిందువుకీ మధ్య ప్రేమ ఆ చిత్ర కథ. నిజాం ఆగ్రహించి ఇరవై నాలుగు గంటల్లో రాజ్యం విడిచిపొమ్మన్నాడు. గంగూలీ తట్టాబుట్టా సర్దుకుని కలకత్తా వెళ్లిపోయాడు, తరవాతి కాలంలో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమూ అందుకున్నాడు. హైదరాబాదు మటుకు అలా ఒక సినిమా పరిశ్రమను మొలకలోనే పోగొట్టుకుంది. ఆ హాల్లో కూర్చుని సినిమా చూసినవాళ్లు ఏమనుకున్నారని ఎవరూ అడగలేదు, అడగాలన్న ఆలోచనే ఆ పాలనలో లేదు.

అటు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాల్లో పద్ధతి వేరు. బోర్డు ఉంది, దానికి పెద్ద నగర పోలీసు కమిషనరు, పక్కన కొందరు పెద్దమనుషులు. తెల్లదొరల అసలు బెంగ నీతి గురించి కాదు; అమెరికా నుంచి వచ్చే చిత్రాల్లో తెల్లవాళ్లు తాగి తందనాలాడుతుంటే దేశీయుల కళ్లలో తమ పరువు ఏమవుతుందని. ఆ బెంగలోంచే 1927లో మద్రాసు న్యాయవాది టి. రంగాచారియార్ అధ్యక్షుడిగా ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ వచ్చింది. కమిటీ పుట్టిన కారణం ఏదైనా, అది పని చేసిన తీరు మెచ్చుకోదగ్గది. 4,325 ప్రశ్నావళులు పంపింది. ఊరూరా తిరిగి 353 మంది సాక్షులను కూర్చోబెట్టి అడిగింది. హాళ్ల యజమానులు, టీచర్లు, పత్రికలవాళ్లు, ఆడవాళ్లు, పోలీసులు అందరూ మాట్లాడారు. వాళ్ల మాటలు సంపుటాలుగా అచ్చయ్యాయి. మన దేశంలో సినిమా సెన్సారు గురించి జనాన్ని పద్ధతిగా అడిగిన తొలి సందర్భం అదే. వలస ప్రభుత్వం చేసిన పని అని తోసేయడం సులువు. కానీ స్వతంత్రం వచ్చాక ఏ తెలుగు జిల్లాలోనైనా అంత ఓపికగా అడిగిన దాఖలా చూపడం కష్టం. 1928లో నివేదిక వచ్చింది, ప్రభుత్వం దాన్ని బీరువాలో పెట్టింది. నివేదికల జాతకం అప్పటికీ ఇప్పటికీ మారలేదు.

జనాన్ని అడగని చోట ఎవరి మాట చెల్లుతుందో చెప్పడానికి పదేళ్ల తరవాతి 'రైతుబిడ్డ' ఉంది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీసి, మరుసటి ఏడు 'రైతుబిడ్డ'తో జమీందారీ దౌర్జన్యాన్ని తెరకెక్కించాడు. డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు కావడం చరిత్రలో ఒక చిత్రమైన మెలిక. తోటి జమీందార్లు ఊరుకోలేదు. చిత్రం నిషేధం పాలైంది. నిజాం రాజ్యంలో ఒక్కడి కోపం పనిచేస్తే, ఇక్కడ కొద్దిమంది పలుకుబడి పనిచేసింది. నేల మీద కూర్చుని ఆ సినిమా చూడవలసిన రైతు కనుక ప్రశ్నావళికి జవాబు రాసి ఉంటే ఏమనేవాడో ఊహించడం పెద్ద కష్టం కాదు. అతన్ని అడిగినవాడు లేడు, అంతే.

స్వతంత్ర భారత చట్టం ఈ లోటును గుర్తించింది. 1951లో కేంద్ర బోర్డు ఏర్పడింది, 1952లో కొత్త చట్టం వచ్చింది, 1983లో బోర్డు పేరులోంచి 'సెన్సార్' పోయి 'సర్టిఫికేషన్' వచ్చింది. పేరు మారినా జనం నోట సెన్సారు సెన్సారే. పరిశ్రమలోనూ సినిమా 'సెన్సారు పూర్తి చేసుకుంది' అనే అంటారు. అదే ఏడు వచ్చి, 2024 మార్చి దాకా అమల్లో ఉన్న 1983 నియమావళిలో ప్రేక్షకుడి కోసం మూడు తలుపులు పెట్టారు. మొదటిది సలహా మండలి. హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయానికి వచ్చే పూర్తి నిడివి సినిమాను ఒక అధికారితో పాటు ఈ మండలి నుంచి నలుగురు చూడాలని, ఆ అయిదుగురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలని అది చెప్పింది. రెండోది పదకొండో నియమం. సినిమాల మీద ప్రజల స్పందన తెలుసుకోవడానికి బోర్డు సదస్సులు జరపవచ్చు. సినిమాలు జనం మనసుపై చూపే ప్రభావాన్ని తెలుసుకోవడానికి స్థానికంగానో దేశమంతటానో సర్వేలు చేయించవచ్చు. మూడోది ముప్పై రెండో నియమం. సర్టిఫికెట్ పొందిన సినిమా మీద ఫిర్యాదు వస్తే బోర్డు దాన్ని కేంద్రానికి పంపాలి, కేంద్రం అవసరమనుకుంటే మళ్లీ చూడమనవచ్చు. కాగితం మీద చూస్తే చక్కని ఏర్పాటే. కానీ మొదటి తలుపు తాళం కేంద్రం చేతిలో ఉంది. మండలిలోకి ఎవరు వస్తారన్నది పూర్తిగా దాని ఇష్టం. రెండో తలుపు మీద 'చేయవచ్చు' అని రాసి ఉండేది, 'చేయాలి' అని కాదు. 'చేయవచ్చు' అన్న క్రియాపదం సర్కారు భాషలో 'అక్కర్లేదు'కు మర్యాదపూర్వక రూపం. మూడో తలుపు గుండా వెళ్లిన ఉత్తరానికి జవాబు రావాలన్న గడువు ఎక్కడా ఉండేది కాదు. ఇక అసలైన అప్పీలు హక్కు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకున్న నిర్మాతకే గాని, టికెట్ కొన్నవాడికి లేదు.

తలుపులు ఇలా ఉంటే జనం గోడ దూకుతారు. తెలుగునేలలో ఆ గోడకు పేరు ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, 1955. నిజానికి అది హాళ్ల లైసెన్సులకు సంబంధించినది. దాని ఎనిమిదో సెక్షను కింద, సినిమా ఆడితే శాంతిభద్రతలు చెడతాయనుకుంటే ప్రభుత్వమో అధికారో ప్రదర్శన ఆపవచ్చు. 2006లో 'ది డా విన్సీ కోడ్'కు జరిగింది అదే. సెన్సారు బోర్డు ఆ చిత్రానికి పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్ ఇచ్చింది, ఇది కల్పిత కథ అన్న ప్రకటన కూడా జోడింపజేసింది. అయినా కొన్ని మతసంస్థలు అభ్యంతరం చెబుతూ రాసిన లేఖల ఆధారంగా రాష్ట్రప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. పంపిణీదారులైన లక్ష్మీ గణేశ్ ఫిలింస్ హైకోర్టుకు వెళ్లారు. జస్టిస్ గోడ రఘురాం జూన్ 21న ఆ నిషేధాన్ని కొట్టేశారు. నిపుణుల సంఘం చూసి అనుమతించిన చిత్రాన్ని కొందరి అభ్యంతరాన్ని బట్టి ఆపడం భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమన్నది ఆ తీర్పు సారం. తీర్పు మంచిదే. అయితే ఆ వ్యవహారం మొత్తంలో మాట్లాడింది ఎవరు? లేఖలు రాసిన సంస్థలు, ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వం, డబ్బు పెట్టిన పంపిణీదారు, న్యాయమూర్తి. సినిమా చూడాలనుకున్న మామూలు క్రైస్తవుడు గాని, చూసి నచ్చక లేచిపోవాలనుకున్నవాడు గాని ఆ కాగితాల్లో ఎక్కడా లేరు.

తరవాతి ఏళ్లలో ఈ దారి ఇంకా వెడల్పయింది. 2011లో 'ఆరక్షణ్' హిందీ చిత్రాన్ని ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా ఆపింది. ఉత్తరప్రదేశ్ నిషేధాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2012 అక్టోబరులో 'కెమెరామెన్ గంగతో రాంబాబు' విడుదలైనప్పుడు తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. హాళ్ల ముందు ఆందోళనలు జరిగాయి, అభ్యంతరం వచ్చిన సీన్లను నిర్మాతలే తీసేశారు. ఉద్యమకారుల బాధలో నిజం లేదని కాదు. ఆ సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చిన గదిలో ఆ బాధ తెలిసిన మనిషి ఒక్కరైనా కూర్చుని ఉంటే సంగతి రోడ్డు దాకా వచ్చేదా అన్నదే ప్రశ్న. 2017లో 'అర్జున్ రెడ్డి' ముద్దు పోస్టర్‌ను ఒక సీనియర్ నాయకుడు ఆర్టీసీ బస్సు మీది నుంచి చింపేసిన దృశ్యం అందరికీ గుర్తే. సినిమాకు ఎ సర్టిఫికెట్టే వచ్చింది, అంటే బోర్డు తన పని చేసింది. పోస్టరు మాత్రం బోర్డు పరిధిలోది కాదు, బస్సెక్కే పిల్లలందరూ చూసేది దాన్నే. సినిమా హాల్లో పదహారేళ్లవాణ్ని గేటు దగ్గర ఆపాలని చట్టం చెబుతుంది, అదే వాడికి ఆ బొమ్మను స్కూలు దారిలో నిలువెత్తున చూపిస్తుంది. తల్లిదండ్రులను ఒక్కమాట అడిగి ఉంటే ఈ తిరకాసు ఏనాడో బయటపడేది.

చేవెళ్ల పేరు కూడా ఈ చరిత్రలో ఉంది, కాస్త పక్కగా. వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర 2003 ఏప్రిల్‌లో చేవెళ్ల నుంచి మొదలైంది. ఆ నడక మీద తీసిన 'యాత్ర' 2019 ఫిబ్రవరిలో, ఎన్నికల వేళ, విడుదలైంది. ఆ ఏడాది తెలుగు తెర దాదాపు ఎన్నికల సభలా మారింది. ఒకవైపు ఎన్టీఆర్ జీవితం రెండు భాగాలు, ఇంకోవైపు రామ్‌గోపాల్ వర్మ 'లక్ష్మీస్ ఎన్టీఆర్'. ఈ చివరిదాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆపింది, తెలంగాణలో మార్చి 29న ఆడింది. ఒకే భాష, ఒకే సర్టిఫికెట్. సరిహద్దుకు అటు జగ్గయ్యపేటలో బొమ్మ లేదు, ఇటు కోదాడలో ఉంది. అదే ఏడు చివర్లో అదే దర్శకుడి ఇంకో చిత్రం కులాల పేర్లున్న శీర్షిక మార్చుకుని 'అమ్మరాజ్యంలో కడప బిడ్డలు'గా వచ్చింది. 2023 డిసెంబరులో 'వ్యూహం' సినిమా సర్టిఫికెట్‌ను సవాలు చేస్తూ నారా లోకేశ్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2024 జనవరిలో కోర్టు సర్టిఫికెట్‌ను పక్కనపెట్టి మళ్లీ పరిశీలించమని బోర్డుకు చెప్పింది, మార్చిలో సినిమా విడుదలైంది. ఇది చట్టబద్ధమైన పునఃపరిశీలనే, తప్పుపట్టవలసింది లేదు. అయితే ఆ తలుపు తట్టాలంటే సీనియర్ న్యాయవాది ఫీజు కట్టగలగాలి. తన గురించి సినిమాలో ఏదో అన్నారని బాధపడే నాయకుడు ఆ తలుపు తట్టగలడు. పన్నెండేళ్ల కూతురితో యు/ఎ సినిమాకు వెళ్లి, మధ్యలో చూడలేని సీను వస్తే తల దించుకున్న దొంతన్‌పల్లి తల్లి తట్టలేదు. ఆమె ఫిర్యాదు ఏ హాలు ముందూ జెండా పట్టుకుని నిలబడదు, ఇంటికి వెళ్లి నిద్రపోతుంది. వర్గీకరణ అన్నదే ఆమె కోసం పుట్టింది. నాయకుడి పరువు కోసం పరువునష్టం చట్టం వేరే ఉంది.

ఇక్కడ సినిమావాళ్లు ఒక గట్టి అభ్యంతరం చెబుతారు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. జనాన్ని గదిలోకి రానిస్తే వచ్చేది జనం కాదు, జనం పేరు చెప్పుకునే గుంపులు. ప్రతి కులానికీ ఒక సంఘం, ప్రతి సంఘానికీ ఒక లెటర్‌హెడ్డు. వాళ్లందరినీ తృప్తిపరిస్తే సినిమాలో మిగిలేది టైటిల్స్, 'శుభం' కార్డు. దీనికి న్యాయశాస్త్రంలో దన్ను కూడా ఉంది. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ చిత్రం రిజర్వేషన్ల మీద చేసిన వ్యాఖ్యలకు నిరసన వచ్చి, మద్రాసు హైకోర్టు దాని సర్టిఫికెట్‌ను రద్దు చేస్తే, 1989 రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్‌ను నిలబెట్టింది. ఊరేగింపులకూ బెదిరింపులకూ భయపడి భావప్రకటనను అణచడానికి వీల్లేదని తేల్చింది. నేను ఆ తీర్పు పక్షమే. కానీ ఆ తీర్పు కాదన్నది బెదిరింపును, అభిప్రాయాన్ని కాదు. ఒక్కో సినిమా భవితవ్యాన్ని జనం ఓటుతో తేల్చమని నేను అనడం లేదు. కొలబద్ద తయారీలో జనం మాట ఉండాలంటున్నాను. పదమూడేళ్ల పిల్లవాడు ఎంత రక్తం చూడవచ్చు, బూతుమాటకు బీప్ వేస్తే చాలా, భార్యను చెంపదెబ్బ కొట్టే హీరోను యు సర్టిఫికెట్‌తో చూపవచ్చా అన్నవి ఏ ఒక్క సినిమావో కాని ప్రశ్నలు. వీటికి జవాబులు ముందే, తీరిగ్గా, అందరినీ అడిగి రాసిపెట్టుకుంటే తరవాత ఏ సంఘం లెటర్‌హెడ్డు తెచ్చినా బోర్డు ఆ రాతను చూపించగలదు. అంటే జనం మాటే సినిమాను గుంపు నుంచి కాపాడుతుంది. 1991 డిసెంబరు 6 నాటి మార్గదర్శకాలు కూడా సినిమాను మొత్తంగా, అది ఏ జనానికి సంబంధించినదో వారి నేటి ప్రమాణాలను బట్టి తూచమన్నాయి. ఆ ప్రమాణాలు ఏమిటో వారినే అడగకుండా తూచడం ఎలాగన్నది ఆ కాగితం చెప్పదు.

జనాన్ని అడిగితే కత్తెర పెద్దదవుతుందన్న భయం కూడా చరిత్ర ముందు నిలవదు. 2021 జూన్ 18న కేంద్రం సినిమాటోగ్రాఫ్ సవరణ ముసాయిదా విడుదల చేసి, జూలై 2 లోగా అభిప్రాయాలు చెప్పమంది. పద్నాలుగు రోజులు, అదీ కరోనా రెండో అల తగ్గీతగ్గని వేళ. ఆ ముసాయిదాలో ఒక ముల్లు ఉంది. సర్టిఫికెట్ వచ్చిన సినిమాను కూడా ఫిర్యాదుల మీద మళ్లీ పరిశీలించమని కేంద్రం బోర్డును ఆదేశించే అధికారం అది. ఇలాంటి అధికారాన్నే శంకరప్ప కేసులో కర్ణాటక హైకోర్టు కొట్టేస్తే, ఆ తీర్పును 2000లో సుప్రీంకోర్టు సమర్థించింది. పోయిన అధికారం పెరటిదారిలో తిరిగొస్తోందని సినీరంగం నుంచీ పౌరుల నుంచీ అభ్యంతరాలు వెల్లువెత్తాయి. రెండేళ్ల తరవాత 2023లో పార్లమెంటు ఆమోదించిన సవరణలో ఆ ముల్లు లేదు సరికదా, కేంద్రానికి పాత చట్టంలో మిగిలిన పునఃపరిశీలన అధికారాన్ని కూడా తీసేశారు. పద్నాలుగు రోజుల ఇరుకు కిటికీలోంచి అడిగినా సరే, జనం కత్తెర తగ్గించమన్నారు. ఆస్ట్రేలియాలో ఇంకా స్పష్టంగా తేలింది. పెద్దల వీడియో గేములకు అక్కడ అసలు వర్గమే లేదు, కాబట్టి అలాంటివి అమ్మకానికి నోచుకునేవి కావు. 2009 డిసెంబరు నుంచి 2010 ఫిబ్రవరి దాకా ప్రజాభిప్రాయం అడిగితే 58,437 స్పందనలు వచ్చాయి, నూటికి 98 మంది పెద్దల వర్గం కావాలన్నారు. 2013 జనవరి 1న అది అమల్లోకి వచ్చింది. గేములు ఆడేవాళ్లే ఎక్కువగా రాశారు గనక ఆ లెక్క దేశం మొత్తం మనసు కాదని అక్కడివాళ్లే అన్నారు, అది నిజం కూడా. రాయగలిగినవాళ్లే రాసే అభిప్రాయసేకరణకూ, ఎంచుకున్న ఊళ్లకు వెళ్లి అడిగే సర్వేకూ తేడా అదే. బ్రిటిష్ ఫిలిం బోర్డు ఈ రెండో పని నాలుగైదేళ్లకోసారి చేస్తుంది. ఈమధ్య పన్నెండు వేల మందిని అడిగి, 2024లో కొలతలు మార్చింది. పిల్లల వర్గాల్లో శృంగార దృశ్యాల మీద పట్టు బిగించింది, గంజాయి ప్రస్తావన మీద సడలించింది. జనం అన్నీ బిగించమనరు, అన్నీ వదిలేయమనరు. ఏది బిగించాలో ఏది వదలాలో వాళ్లకు లెక్క ఉంటుంది.

ఇంకొక అభ్యంతరం ఈ కాలానిది. అందరూ ఫోన్లలోనే చూస్తుంటే హాలు సర్టిఫికెట్ గురించి ఈ గొడవ దేనికి? విచిత్రమేమిటంటే, కాగితం మీద హాలు ప్రేక్షకుడికి లేని హక్కు ఓటీటీ ప్రేక్షకుడికి ఉంది. 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనలు ఓటీటీ సంస్థలనే తమ సినిమాలను యు, 7, 13, 16 ఏళ్ల యు/ఎలు, ఎగా విభజించుకోమన్నాయి. ఆ విభజన తప్పనిపిస్తే ఫిర్యాదు చేయవచ్చు, పదిహేను రోజుల్లో జవాబు చెప్పాలి, నచ్చకపోతే పై మెట్టుకు వెళ్లవచ్చు. ఆ ఏర్పాటులో కొంత భాగంపై అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు స్టే ఇచ్చింది; ప్రభుత్వం చేయి పైమెట్టు మీద ఉందన్న భయం కూడా సబబైనదే. పైమెట్టు సంగతి అలా ఉంచి కిందిమెట్టు చూడండి: ప్రేక్షకుడు అడుగుతాడు, ఇచ్చినవాడు గడువులోగా ఎందుకిచ్చాడో చెబుతాడు. సినిమా ఆగదు, సీను పోదు, కారణం మాత్రం బయటికి వస్తుంది. ఈ పాటి మర్యాద సెన్సారు బోర్డు హాలు ప్రేక్షకుడికి చూపలేకపోవడానికి అడ్డేమిటో నాకు తోచదు. నిర్మాత వైపున కూడా ఒక మెట్టు ఊడిపోయింది. బోర్డు నిర్ణయం మీద అప్పీలు విని చవకగా తేల్చే ట్రిబ్యునల్‌ను 2021 ఏప్రిల్‌లో రద్దు చేశారు. ఇప్పుడు నిర్మాతా హైకోర్టుకే, ప్రేక్షకుడూ హైకోర్టుకే. చిన్న నిర్మాత, దొంతన్‌పల్లి తల్లి ఒకే గుమ్మం ముందు నిలబడి ఉన్నారు, ఇద్దరి దగ్గరా ఫీజు లేదు.

1983 నియమావళి పదకొండో నియమంలో రాసిన 'స్థానిక సర్వే' అన్న మాటను అక్షరాలా పాటించాలనుకుంటే దొంతన్‌పల్లి లాంటి ఊరు అందుకు బాగా పనికొస్తుంది. ఒకవైపు తరతరాలుగా సేద్యం చేసుకునే కుటుంబాలు. ఇంకోవైపు అదే ఊరి సరిహద్దులో దేశం నలుమూలల నుంచి వచ్చి న్యాయశాస్త్రం, మేనేజ్‌మెంటు చదివే విద్యార్థులున్న విశ్వవిద్యాలయం. ఇటు వెళ్తే మొయినాబాద్ ఫాంహౌసులు, అటు చేవెళ్ల అంగడి. ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని రకాల ప్రేక్షకులు. ఒకే ట్రైలర్‌ను వీళ్లందరికీ చూపించి ఏ వయసుకు తగునో చెప్పమంటే జవాబులు ఒకేలా రావు, రాకూడదు కూడా. ఆ తేడాలే బోర్డుకు కావలసిన సరుకు. ఇలాంటి ఊళ్లు ఒక యాభై ఎంచుకుని అయిదేళ్లకోసారి అడగడానికి పెద్ద ఖర్చు కాదు. సలహా మండలికి సభ్యులను ఎలా ఎంచుకున్నదీ, వాళ్ల వృత్తీ ఊరూ ఏమిటన్నదీ ప్రకటించడానికి అసలు ఖర్చే లేదు. మామూలు జనానికి సినిమా గురించి ఏం తెలుసన్న మాట వినబడుతుంటుంది. శుక్రవారం మార్నింగ్ షో నుంచి బయటికొచ్చి ఫలానా బొమ్మ ఎన్నాళ్లాడుతుందో ఒక్క మాటలో తేల్చే జనం మీద ఆధారపడి వందల కోట్ల పరిశ్రమ నడుస్తోంది. డబ్బు విషయంలో నమ్మే తీర్పును వయసు విషయంలో నమ్మకపోవడానికి కారణం చూపవలసింది నమ్మనివాళ్లే.

2023 సవరణ తరవాత యు/ఎ మూడు ముక్కలైంది: ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు. ఆ మీదట 2024 మార్చిలో కొత్త నియమావళి వచ్చింది. ఆ అంకెల గురించి చట్టం ఒక మాట స్పష్టంగా చెప్పింది. వాటిని అమలు చేసే అధికారం తల్లిదండ్రులకో సంరక్షకులకో తప్ప ఇంకెవరికీ లేదు. ఎ సినిమాకు పిల్లవాణ్ని ఆపవలసిన గేటు దగ్గరి మనిషి యు/ఎ పదహారు సినిమాకు తొమ్మిదేళ్లవాడు తండ్రి చేయి పట్టుకుని వస్తే టికెట్ చించి లోపలికి పంపాలి. తీర్పు తండ్రిది. ఆ పదహారు అనే అంకె ఎలా వచ్చింది, ఏ సీనుకు వచ్చింది, పదమూడు ఎందుకు కాలేదన్నది తండ్రికి చెప్పేవారు లేరు. చెప్పినా తెర మీద ఆ కాగితం ఉండేది కొన్ని సెకన్లు. ఈలోగా అతను వరస వెతుక్కుంటూ ఉంటాడు.